బల్ల మీద పాడింది, పెట్టెలో కాలిపోయింది

ప్రశ్న: సార్, తిరుపతిలో పాలిటెక్నిక్ రెండో ఏడాది చదువుతున్నాను. మా వీధి భజన మందిరానికి టీడీఏ 2030 ఐసీలు రెండు పెట్టి స్టీరియో యాంప్లిఫైయర్ చేశాను. ట్రాన్స్‌ఫార్మర్ 12-0-12. బల్ల మీద బ్రహ్మాండంగా పాడింది. ఇనుప పెట్టెలో బిగించి ఆన్ చేయగానే డబ్‌మని ఒక స్పీకర్ కోన్ ముందుకొచ్చి అలాగే ఆగింది, కాలిన వాసన, ట్రాన్స్‌ఫార్మర్ ముట్టుకోలేనంత వేడి. కొత్త ఐసీలు వేసినా అదే. షాపులో డూప్లికేట్‌వి ఇచ్చారా? వినాయక చవితికి ఇస్తానని మాటిచ్చాను, మా నాయనేమో ఇంక డబ్బులు తగలెయ్యద్దంటున్నాడు.
– ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: తమ్ముడూ, షాపును అనుమానించకు. బల్ల మీద పాడిందంటే నీ సోల్డరింగూ సర్క్యూటూ సరిగ్గానే ఉన్నాయి, తేడా అంతా పెట్టెలో బిగించడంలోనే వచ్చింది.

టీడీఏ 2030 వెనక ఉండే లోహపు రేకు లోపల 3వ పిన్నుకు కలిసి ఉంటుంది. ఒకే సప్లైతో, అంటే కారు బ్యాటరీ లాంటి దానితో నడిపితే ఆ పిన్ను గ్రౌండే (సున్నా వోల్టుల బిందువు), రేకు పెట్టెకు తగిలినా ఏమీ కాదు. కానీ నీ 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్‌తో వచ్చేది సున్నాకు అటూ ఇటూ ప్లస్, మైనస్ రెండూ ఉన్న సప్లై, అందులో 3వ పిన్ను మైనస్. ఆ రేకు తగిలి ఉండే హీట్ సింక్‌ను (ఐసీ వేడిని లాగే లోహపు ముక్క) నేరుగా ఇనుప పెట్టెకు బిగించావు, ఆడియో సాకెట్ బయటి లోహం కూడా అదే పెట్టెను తాకుతూ ఉంటుంది కాబట్టి పెట్టెకు గ్రౌండ్ వచ్చేసింది. ఇంకేముంది, మైనస్ సప్లై నేరుగా షార్ట్. ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కింది అందుకే. ఒక పక్క సప్లై పడిపోయాక ఔట్‌పుట్ సున్నా దగ్గర నిలవదు, డీసీ స్పీకర్‌లోకి పోతుంది, కోన్ ముందుకొచ్చి ఆగిపోవడం దానికి గుర్తు. ఆ స్పీకర్ కాయిల్‌ను మల్టీమీటర్‌తో చూడు, 4 ఓమ్‌లదైతే 3కి కాస్త అటూ ఇటూగా చూపించాలి, ఏమీ చూపించకపోతే కాయిల్ పోయినట్టే. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయర్ డయోడ్‌లనూ వదలకు, ఇలాంటి షార్ట్‌లో అవీ పోతాయి.

ఐసీకీ హీట్ సింక్‌కీ మధ్య కరెంటును ఆపి వేడిని పోనిచ్చే మైకా షీటు, స్క్రూకు ప్లాస్టిక్ బుష్ వెయ్యి, రెండు పక్కలా థర్మల్ పేస్టు పలచగా పూయి. తర్వాత కరెంటు లేకుండా, కెపాసిటర్లు ఖాళీ అయ్యాక, రేకుకూ పెట్టెకూ మధ్య మీటర్ బీప్ పెట్టి చూడు. మోగకూడదు.

ఇంకో విషయం. 12 వోల్టుల ఏసీ రెక్టిఫై అయ్యాక సుమారు 16 అవుతుంది, లోడ్ లేనప్పుడూ రాత్రిపూట లైన్ వోల్టేజీ ఎక్కినప్పుడూ ఇంకా పెరుగుతుంది, 2030కి గరిష్ఠం ప్లస్ మైనస్ 18 మాత్రమే. అందుకే 22 వరకు తట్టుకునే 2030ఏ కొను, లేదంటే ట్రాన్స్‌ఫార్మర్ 9-0-9కి మార్చు, చిన్న మందిరానికి ఆ శబ్దం చాలు.

ఈసారి నేరుగా ప్లగ్గులో పెట్టకు, మెయిన్స్‌కు 60 వాట్ల పాతరకం ఫిలమెంట్ బల్బు సీరీస్‌లో కలిపి ఆన్ చెయ్యి (ఎల్ఈడీ పనికిరాదు). ఒక్కసారి మెరిసి మసకబారితే మంచిదే, నిండుగా వెలుగుతూ ఉంటే ఎక్కడో షార్ట్ ఇంకా ఉంది, వెంటనే ఆపు. స్పీకర్ తగిలించక ముందే ఔట్‌పుట్‌లో డీసీ కొలువు, 100 మిల్లీవోల్టులు దాటితే తగిలించొద్దు.

హమ్ (స్పీకర్‌లో గుయ్‌మనే శబ్దం) వస్తోందని ఎవరైనా ప్లగ్గులో ఎర్త్ తీసెయ్యమంటే వినకు, ఇనుప పెట్టెకు ఎర్త్ ఉండి తీరాలి, అక్కడ చిన్నపిల్లలు కూడా చెయ్యి పెడతారు. గ్రౌండ్ వైర్లన్నీ రెండు పెద్ద కెపాసిటర్ల మధ్య బిందువు దగ్గరకు విడివిడిగా తెస్తే హమ్ చాలావరకు తగ్గుతుంది.

నాయనకు చెప్పు, ఇప్పుడు కావలసింది రెండు ఐసీలు, రెండు మైకా షీట్లు, బహుశా నాలుగు డయోడ్‌లు, అంతే. చవితికి ముందే ఇంట్లో ఒక పూటంతా ఆపకుండా పాడించి, హీట్ సింక్ ఎంత వేడెక్కిందో చూసుకున్నాకే మందిరానికి తీసుకెళ్లు.