బైనాక్యులర్ కొనబోతున్న మా అమ్మలుకి

అమ్మలూ,

పిట్టల్ని చూడటానికి బైనాక్యులర్ కొనాలని నువ్వు వాట్సాప్‌లో పంపిన మూడు ఫోటోలూ చూశాను. 20×50 అని రాసి ఉన్నదాన్నీ, జూమ్ ఉన్నదాన్నీ పక్కన పెట్టెయ్యి. మూడోది బైనాక్యులర్ కాదు, తుపాకీ మీద బిగించే స్కోపు. చవగ్గా వస్తోందని పిట్టల్ని చూడటానికి దాన్ని కొనేవాళ్లున్నారు. కంటికి మూడు నాలుగు అంగుళాల దూరంలో ఉంచి, ఒంటి కంటితో గురి చూడటానికి చేసిన వస్తువది. అందులో కనిపించే మేర చాలా తక్కువ, ఎగిరే పిట్ట దొరకదు. పైగా వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దగ్గర వేటే నేరం. దానితో నీకేం పని?

నీ దగ్గరున్న పది వేలకి మంచి వస్తువే వస్తుంది, కొనేటప్పుడు ఏం చూడాలో తెలిస్తే.

8×42 తీసుకో. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. అందరూ మొదటి అంకెకే డబ్బులు పోస్తారు. పిట్ట పెద్దగా కనిపించే మాట నిజమే, కానీ చేతి వణుకు కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది. కొండకర్ల ఆవ చెరువులో దోనె ఎక్కావంటే నీకే అర్థమవుతుంది. తొలిచిన తాటి మొద్దులు జతకట్టిన దోనె అది, కర్ర వేసినప్పుడల్లా ఊగుతుంది. తామరాకుల మధ్య నడిచే నీటికోడి మీద ఎనిమిది రెట్లతోనే చూపు నిలపడం కష్టం. ఇరవై రెట్లతో అయితే ఆకులూ పిట్టా కలిసిపోయి పచ్చటి గీతలే మిగులుతాయి. మేఘాద్రి గెడ్డ లాంటి పెద్ద రిజర్వాయర్ గట్టు మీద నిలబడి దూరంగా ఉన్న బాతుల్ని చూసేవాళ్లు పది రెట్లది ఇష్టపడతారు. నీకు ఇంకా చెయ్యి కుదరలేదు, ఎనిమిదే మేలు.

ఇంకో లెక్క ఉంది. రెండో అంకెని మొదటిదానితో భాగించు. 42ని 8తో భాగిస్తే ఐదుకి కాస్త ఎక్కువ వస్తుంది. బైనాక్యులర్ నుంచి నీ కంట్లోకి వచ్చే వెలుగు వలయం వెడల్పు అన్ని మిల్లీమీటర్లన్నమాట. మసక వెలుతురులో నీ వయసు వాళ్ల కంటిపాప ఐదు నుంచి ఏడు మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. 20×50కి వచ్చేది రెండున్నరే. మిట్టమధ్యాహ్నం బీచ్ రోడ్డులో ఆ తేడా తెలియదు. కంబాలకొండ అడవిలో తెల్లారగట్ల చెట్ల నీడలో పిట్ట నల్లటి ముద్దలా కనిపిస్తుంది, రంగు తేలదు. పిట్టలు బాగా తిరిగేది ఆ వేళలోనే.

లోపలి పట్టకాల అమరికలో పోరో, రూఫ్ అని రెండు రకాలు. భుజాలు బయటికి వచ్చినట్టు వెడల్పుగా ఉండేది పోరో. తక్కువ ధరలో బొమ్మ దానిలోనే బాగుంటుంది, ఎందుకంటే రూఫ్ రకాన్ని బాగా చేయాలంటే ఖర్చెక్కువ. కళ్లద్దాలు లేనివాళ్లు అడిగితే నికాన్ ఆక్యులాన్ 8×42 కొనుక్కోమంటాను, అది పోరోనే. నీకు మాత్రం అది చెప్పను. నువ్వు కళ్లద్దాలు పెట్టుకుంటావు కదా. ఐ రిలీఫ్ అని రాసి ఉంటుంది చూడు, వెనక అద్దానికి ఎంత దూరంలో కన్ను పెట్టినా బొమ్మ మొత్తం కనిపిస్తుందో చెప్పే అంకె అది. అది 15 మిల్లీమీటర్లకి తగ్గితే నీకు అంచులు పోయి మధ్య ముక్కే కనిపిస్తుంది. చాలా పోరోల్లో అంత ఉండదు. అందుకని రూఫ్ రకమే తీసుకో. బీఏకే-4 అనే మేలురకం గాజు పట్టకాలు, ఫుల్లీ మల్టీ కోటెడ్ అద్దాలు (అంటే అన్నిటికీ పలు పొరల పూత ఉన్నవి), నైట్రోజన్ నింపిన వాటర్‌ప్రూఫ్ బాడీ, ఈ మూడూ ఉండాలి. మన సముద్రపు తేమలో చివరిది చాలా ముఖ్యం, లేకపోతే లోపలి అద్దాలకి బూజు పట్టేస్తుంది.

పెట్టె మీద రాసినదంతా నమ్మకు. షాపుకి వెళ్లి చేత్తో పట్టుకో. వెనక అద్దాలు నీవైపు ఉండేలా చెయ్యి చాచి, ఆకాశం వైపు పట్టుకుని చూడు. రెండు వెలుగు చుక్కలూ గుండ్రంగా ఉండాలి. అంచులు కోసేసినట్టు పలకలుగా ఉంటే పట్టకం నాసిరకం. ముందు అద్దంలో ట్యూబ్‌లైటు నీడ మసగ్గా ఆకుపచ్చగానో ఊదాగానో కనిపిస్తే పూత బాగున్నట్టే, తెల్లగా మెరిస్తే లేనట్టు. అద్దమంతా ఎర్రగా తళతళలాడేవి అసలు ముట్టుకోకు. తర్వాత గుమ్మం దాటి బయటికొచ్చి, దూరంగా ఉన్న బోర్డు మీది అక్షరాలు ఒక నిమిషం పాటు చదువు. కళ్లు లాగినా, అక్షరం రెండుగా కనబడినా రెండు గొట్టాలూ ఒకే గీతలో లేవని అర్థం. అది వద్దని చెప్పి ఇంకోటి తియ్యమను. మొహమాటపడకు.

ఆ పరీక్షకి ముందు కళ్లకి సరిచేసుకోవాలి. కుడి కన్ను మూసి, మధ్య చక్రం తిప్పి ఎడమ కంటికి స్పష్టంగా చేసుకో. తర్వాత ఎడమ కన్ను మూసి, చక్రం ముట్టుకోకుండా కుడివైపు రింగు తిప్పు. కొన్ని కొత్త మోడల్స్‌లో ఆ రింగు వేరే చోట ఉంటుంది, షాపులో అడుగు.

కొన్నాక అద్దాలు చున్నీతో తుడవకు. ఉప్పూ ఇసుకా గీతలు పెట్టేస్తాయి. ముందు గాలి ఊది దులిపి, తర్వాతే మెత్తటి గుడ్డ వాడు. ఇంటికి రాగానే బీరువాలో పెట్టకుండా, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు ఉంచు. తెన్నేటి పార్కులో సూర్యోదయం చూడటానికి వెళ్లినప్పుడు మాత్రం దాన్ని సంచిలోంచి తియ్యకు. ఎర్రగా చల్లగా కనిపించినా సూర్యుడి వైపు పెడితే కళ్లు పోతాయి.

శనివారం మీ నాన్నతో షాపుకి వెళ్తానన్నావు కదా, బిల్లు కట్టే ముందు ఒకసారి వీడియో కాల్ చెయ్యి. ఐ రిలీఫ్ అంకె నేను చూసి చెప్తాను.

మీ మావయ్య