‘ద గ్రేట్ గాట్స్‌బీ’లో అందరికన్నా పతితులెవరు? మనవరాలికి ఒక ఉత్తరం

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

‘ద గ్రేట్ గాట్స్‌బీ’ నవలలో నైతికంగా అందరికన్నా దిగజారిన పాత్ర ఏదో నిర్ణయించి వ్యాసం రాయమన్నారనీ, ఎవరిని ఎంచుకోవాలో పాలుపోవడం లేదనీ నువ్వు రాసిన ఉత్తరం అందింది. నా తీర్పు నీ దగ్గర దాచను. అయితే ఈ నవలను ఏళ్ల తరబడి పాఠం చెబుతూ, అందులో చాలాకాలం తప్పుగానే చెప్పి, తరువాత దిద్దుకున్నవాణ్ణి కాబట్టి, నేను ఎక్కడెక్కడ తడబడ్డానో తెలుసుకుంటేనే నీకు ఎక్కువ ఉపయోగం.

చట్టం తప్పినవాణ్ణీ ధర్మం తప్పినవాణ్ణీ ఒకే గాటన కట్టడం నేను చేసిన మొదటి పొరపాటు. ఈ నవల 1925లో వెలువడింది. కథ మాత్రం 1922 వేసవిలో, న్యూయార్క్ నగరానికీ లాంగ్ ఐలండ్‌కూ మధ్య నడుస్తుంది. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం అమలులో ఉంది. కథానాయకుడు గాట్స్‌బీ మందుల దుకాణాల చాటున సారా అమ్మించి సొమ్ము చేసుకున్నాడు. అతనికి అండగా నిలిచిన వుల్ఫ్‌షీమ్, మనిషి దవడపళ్లను చొక్కా చేతులకు బొత్తాలుగా పెట్టుకున్న జూదరి. ఇంతకన్నా పతితుడు ఎవరుంటారని నేను తరగతిలో వుల్ఫ్‌షీమ్ పేరే చెప్పేవాణ్ణి. ఒకనాడు వెనక బెంచీ కుర్రవాడొకడు లేచి, “ప్లాజా హోటల్లో గాట్స్‌బీని దొంగ సారా వ్యాపారి అని నిలదీసిన టామ్, అదే గదికి తువ్వాలులో చుట్టి తెచ్చిన విస్కీ సీసా ఎక్కడ కొన్నాడండీ?” అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నవలను మళ్లీ మొదటి నుంచి చదివాను.

కథ చెప్పే నిక్ మాటను కూడా యథాతథంగా నమ్మవద్దు. తనంత నిజాయితీపరులు తనకు కొద్దిమందే తెలుసునని చెప్పుకునే ఈ పెద్దమనిషే, టామ్ భార్య అయిన తన బంధువు డైసీని, ఆమె పాత ప్రియుడు గాట్స్‌బీతో కలపడానికి తన ఇంట్లో టీకి ఏర్పాటు చేస్తాడు. గాట్స్‌బీ మీద మనకు కలిగే మెత్తదనంలో సగం నిక్ పెట్టిన కళ్లద్దాల మహిమే. (గిరీశాన్ని తిట్టుకుంటూనే ముచ్చటపడే మనకు ఈ బలహీనత కొత్తది కాదులే.)

ఇక అసలు చిక్కుముడికి వస్తాను. మర్టిల్‌ను ఢీకొన్న కారు గాట్స్‌బీది, నడిపింది డైసీ. మర్టిల్ టామ్ ఉంచుకున్న మనిషి. ఒకసారి డైసీ పేరెత్తిందన్న కోపంతో అతను ఆమె ముక్కు పగలగొట్టాడు. ఆమె భర్త విల్సన్, తన భార్యతో సంబంధం పెట్టుకున్నవాడూ, ఆమెను కారుతో చంపినవాడూ ఒక్కడేనని నమ్మి, అతని కోసం వెతుకుతూ టామ్ ఇంటికి వస్తాడు. టామ్ కారు యజమాని పేరు చెబుతాడు. విల్సన్ వెళ్లి గాట్స్‌బీని కాల్చి, తానూ చనిపోతాడు. అంటే విల్సన్ వెతికిన ఆ ఒక్క మనిషిలో ఒక సగం డైసీ, మరొక సగం టామ్; రెండు సగాలకూ కలిపి శిక్ష పడింది గాట్స్‌బీకి.

ఇక్కడ తొందరపడి టామ్‌ను హంతకుడని రాసేయకు. ఎవరికి ఎంత తెలుసో ముందు తేల్చు. కారు నడిపింది గాట్స్‌బీయేనని టామ్ నమ్మినట్లే చివరి అధ్యాయంలో అతని మాటలు ఉన్నాయి. పైగా విల్సన్ జేబులో తుపాకీ ఉందని, ఆ పూట అతను పిచ్చెక్కినట్లున్నాడని కూడా చెబుతాడు. నిజం తెలిసిన డైసీ మాత్రం నోరు విప్పలేదు. గాట్స్‌బీ అంత్యక్రియలకు ఒక పువ్వయినా పంపలేదు. ఈ లెక్కన డైసీ దోషమే పెద్దదని వాదించడానికి నీకు బలమైన ఆధారం ఉంది, అలా రాస్తే నేను కాదనను.

అయినా నా తీర్పు టామ్ మీదనే. డైసీది భయపడినవారి మౌనం. టామ్ అక్టోబరు చివర్లో న్యూయార్క్ వీధిలో నిక్‌కు ఎదురుపడినప్పుడు, గాట్స్‌బీకి తగిన శాస్తే జరిగిందంటాడు. ఆ వెంటనే మర్టిల్‌కు అద్దెకు తీసుకున్న ఇల్లు ఖాళీ చేయడానికి వెళ్లి, అక్కడి అల్మరా మీద మిగిలిన కుక్క బిస్కెట్ల డబ్బా చూసి పసిపిల్లవాడిలా ఏడ్చానని చెప్పుకుంటాడు. మూడు ప్రాణాలు పోయిన తరువాత అతనికి జాలి కలిగింది తన మీదనే. పాపభీతి ఉన్నవాడు తప్పు చేసి నిద్రపట్టక దొర్లుతాడు. ఇతను తప్పు చేసి, అన్యాయం తనకే జరిగిందని నమ్ముతున్నాడు. కొద్దిసేపటికి నిక్ అతనితో చేయి కలుపుతాడు. అతను ఒక నగల దుకాణంలోకి వెళ్లిపోతాడు.

నీ చిత్తుప్రతి నాకు పంపు. పంపే ముందు ఏడో అధ్యాయం చివరి పుటలు ఇంకొకసారి చదువు. ప్రమాదం జరిగిన రాత్రి వంటింటి బల్లకు అటూ ఇటూ భార్యాభర్తలు కూర్చుని ఉంటారు; మధ్యలో చల్లారిన కోడి వేపుడు, రెండు సీసాల ఏల్ మద్యం, దేన్నీ ముట్టుకోరు; టామ్ ఏదో నచ్చజెబుతూ ఉంటే, డైసీ అప్పుడప్పుడూ తలూపుతూ ఉంటుంది. బయట గాట్స్‌బీ, ఆమెకు మొగుడి వల్ల హాని జరుగుతుందేమోనని కాపలా కాస్తూ నిలబడి ఉంటాడు.