పక్షుల్ని చూస్తేనే ప్రశాంతంగా ఉంటోంది... నాకేమైనా అయిందా?

ప్రశ్న: నాకు 17 ఏళ్లు. కారణం లేకుండానే ఏడుపొస్తుంది, కాసేపటికే కోపం. ఇంట్లో అన్నిటికీ ఆంక్షలే. నా ఫోన్ చూస్తారు, స్నేహితులతో బయటికి పంపరు. జంతువుల గురించి చదివినప్పుడు, కిటికీలోంచి పక్షుల్ని చూస్తున్నప్పుడు మాత్రం హాయిగా ఉంటుంది. మనుషుల కంటే ఏనుగులే నయమనిపిస్తుంది. పొంతన లేని ఈ ఆలోచనలతో టెన్షన్ పెరిగిపోతోంది.

జవాబు: పొంతన లేదంటున్నావు గానీ, నాకు బాగానే కనిపించింది. నిన్ను ఎవరూ నిలదీయని చోట నీ మనసు కుదుటపడుతోంది. పక్షులు నిన్ను ఏమీ అడగవు కదా.

ముందుగా నీ భయం సంగతి. భావోద్వేగాలను రేపే మెదడు భాగాలు ఈ వయసుకే బాగా చురుగ్గా ఉంటాయి. ఆగి ఆలోచించేలా చేసే ముందు భాగం మాత్రం పాతికేళ్లు వచ్చేదాకా ఎదుగుతూనే ఉంటుంది. అందుకే కోపమైనా దుఃఖమైనా ఒక్కసారిగా ముంచుకొస్తుంది. అయితే దిగులు రెండు వారాలు దాటినా, నిద్ర, తిండి దెబ్బతిన్నా, ఇష్టమైన పక్షులమీద కూడా ఆసక్తి పోయినా మానసిక వైద్యులను కలవాలి. చనిపోవాలనో, నిన్ను నువ్వు గాయపరచుకోవాలనో అనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. వెంటనే నమ్మకమైన పెద్దవాళ్లకు చెప్పు.

ఏనుగుల మాట ఎత్తావు కాబట్టి ఒకటి చెబుతాను. దక్షిణాఫ్రికాలోని పిలానెస్‌బర్గ్ పార్కులో, పెద్దల తోడు లేకుండా పెరిగిన కుర్ర మగ ఏనుగులకు వయసుకు ముందే మదమెక్కింది. 1990లలో అవి 40కి పైగా ఖడ్గమృగాలను చంపాయి. 1998లో 6 పెద్ద మగ ఏనుగులను తెచ్చి వదిలాక ఆ దాడులు ఆగిపోయాయి. పెద్దలు చెప్పినట్టు వినమనడానికి ఈ కథ చెప్పడం లేదు. పెద్ద ఏనుగులు దగ్గర్లో ఉండేసరికి కుర్రవాటి మదం తగ్గింది, నేను చెప్పదలచింది అంతే. ఇంకో సంగతి కూడా ఉంది. మగ ఏనుగు యుక్తవయసు రాగానే ఒక్కరోజులో మందను వదిలేయదు. కొన్నాళ్లు దూరంగా తిరిగి, మళ్లీ వచ్చి, కొన్నేళ్లకు విడిపోతుంది. నీకు కావలసిన స్వేచ్ఛ కూడా అలా కొద్దికొద్దిగా అడిగితేనే దొరుకుతుందని నా నమ్మకం.

గొడవ జరుగుతున్నప్పుడు అడగకు. ఇంట్లో అందరూ నెమ్మదిగా ఉన్న సమయం చూసి ఒక్కసారి బయటికి వెళ్లడం గురించే అడుగు. ఎవరితో వెళ్తావో, ఎక్కడికో, ఎన్నింటికి తిరిగొస్తావో ముందే చెప్పు. చెప్పిన టైముకు ఇంట్లో ఉండు. రెండోసారి అడగడం తేలికవుతుంది. ఫోన్ గురించి, ‘ఏం జరుగుతుందని మీ భయం?’ అని అడుగు. వాళ్లు చెప్పేది నీకు నచ్చకపోవచ్చు, కానీ ఆంక్ష వెనక ఉన్న భయం తెలిస్తే దాని గురించే మాట్లాడుకోవచ్చు. రహస్యంగా ఇంకో అకౌంట్ తెరవడం లాంటివి వద్దు, బయటపడితే ఉన్న నమ్మకమూ పోతుంది.

ఇదంతా కఠినంగా ఉండే తల్లిదండ్రుల గురించే. కొట్టడం, రోజూ అవమానించడం ఉంటే అది క్రమశిక్షణ కాదు. బంధువుల్లోనో, టీచర్లలోనో నువ్వు నమ్మేవాళ్లకు చెప్పాలి.

ఇక పక్షులు. ఏ పక్షి ఎప్పుడు వచ్చింది, ఏం చేసింది అని ఒక నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టు. పక్కనే ఆ పూట నీ మనసు ఎలా ఉందో ఒక్క మాట రాయి. కొన్ని వారాలకు నీ కోపం ఏ వేళ, ఏ మాట తర్వాత వస్తోందో కనిపిస్తుంది. పక్షుల గురించి రాసిన పేజీలు ఒకరోజు అమ్మానాన్నలకు చూపించు. నీకు ఇంత ఇష్టమని వాళ్లకు తెలియకపోయి ఉండొచ్చు.