పేర్లు లేని వ్యాసం గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం నడపడం నీకు చక్కగా వచ్చింది. అయితే, ఘనా రాజధాని అక్రాలో సంగీత పరిశోధకుడు జాన్ కాలిన్స్ 1990లో నెలకొల్పిన బొకోర్ సంగీత భాండాగారం మీద నాలుగు పేజీలు రాసి, అందులో మూడుచోట్ల ‘అజ్ఞాత కళాకారుల సంపద’ అన్నావే, ఆ మాట దగ్గర నా మనసు కలుక్కుమంది.

వాళ్లు అజ్ఞాతులు కారమ్మా. హైలైఫ్ అనే ఘనా నృత్య సంగీతాన్ని పశ్చిమాఫ్రికాలోని పలు దేశాల్లో వినిపించిన ఇ.టి. మెన్సా, 1952లో గిటారు బృందాన్ని కాన్సర్ట్ పార్టీ అనే సంచార హాస్య నాటకంతో కలిపిన ఇ.కె. న్యామె ఘనాలో పేరు మోసినవాళ్లు. కాలిన్స్ కూడా దూరాన కూర్చుని పాటలు పోగుచేసినవాడు కాదు. 1969లో జాగ్వార్ జోకర్స్ అనే సంచార నాటక బృందంలో చేరి, వాళ్లతో ఊళ్లు తిరిగి గిటారు వాయించాడు.

నా తొలి రోజుల్లో, మా ప్రాంతపు పద్యనాటకాలకు నలభై ఏళ్లు హార్మోనియం వాయించిన ఒక పెద్దాయన మీద వ్యాసం రాస్తే, ఒక పత్రికా సంపాదకుడు పేర్లన్నీ కొట్టేసి ‘ఒక గ్రామీణ కళాకారుడు’ అని అచ్చువేశాడు. ఆ పెద్దాయన దాన్ని తన మనవడి చేత చదివించుకుని, చివరిదాకా విని, ‘ఇందులో నేనెక్కడ బాబూ?’ అని అడిగాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. ఆనాటి నుంచి పేరు తీసేయమన్న ఏ పత్రికకూ నేను రాయలేదు.

రేడియో గురించి ‘ప్రజలను మేల్కొలిపింది’ అని ఒక్క వాక్యంతో దాటేశావు. 1935లో అక్రాలో మొదలైన జెడ్.ఓ.వై. అనే రేడియో స్టేషను ప్రసారాలు తీగల మీదుగా చందాదారుల ఇళ్లలోని పెట్టెలకు చేరేవి. స్టేషను మార్చుకునే వీలు ఆ పెట్టెకు లేదు. వలస ప్రభుత్వం ఏది వినిపిస్తే అదే వినాలి. ఆ పెట్టెను పాఠకుడి ఎదుట పెట్టి, అందులోంచి ఎవరి గొంతు వచ్చేదో, ఎవరిది రాలేదో వెతికి రాయి.

2011 అక్టోబరు 26న వరద నీరు కాలిన్స్ ఇంట్లో చొరబడి భాండాగారంలో కొంత భాగాన్ని పాడుచేసింది. నీళ్లలో నానిన ఫోటోను ఆరబెట్టుకోవచ్చు గాని, వెనుక పేరు లేకపోతే ఆ మొహం ఎవరిదో తర్వాతివాళ్లకు ఎవరు చెబుతారు? నీ వ్యాసాన్ని ఆ వరద దగ్గరే మొదలుపెట్టు. ‘అజ్ఞాత’ అని రాసిన మూడుచోట్లా మూడు పేర్లు రాసి, మళ్లీ నాకు పంపు.