పచ్చి బియ్యం నమిలే అమ్మాయి మొండిదా? ముందు రక్తపరీక్ష చేయించండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నెల్లూరు జిల్లా కావలి దగ్గర పల్లెటూరు. మా అమ్మాయికి 17 ఏళ్లు, ఇంటర్ చదువుతోంది. కొన్ని నెలలుగా డబ్బాలోంచి గుప్పెడు గుప్పెడు బియ్యం తీసుకుని నములుతోంది. వద్దంటే చాటుగా తింటోంది. అన్నంలోకి ఆవకాయో గొడ్డుకారమో లేనిదే ముద్ద దిగదు. ఊరికే చిరాకు పడుతోంది. బియ్యం తినేవాళ్లు మొండివాళ్లనీ, కారం తినేవాళ్లు కోపిష్టులనీ, పెరుగన్నం ఇష్టపడేవాళ్లు నెమ్మదస్తులనీ ఫోన్‌లో ఒక వీడియో వచ్చింది. మా ఆడపడుచు అది చూపించి ‘దీని గుణమే అంత’ అంటోంది. తిండి మార్పిస్తే గుణం మారుతుందా?

జవాబు: అమ్మా, గుణం సంగతి పక్కన పెట్టండి. ముందు పాపకు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. పచ్చి బియ్యం మీదికి మనసు లాగడం, చాటుగానైనా తినకుండా ఉండలేకపోవడం ఒంట్లో ఐరన్ తగ్గినవాళ్లలో కనిపించే లక్షణం. కొందరు బలపాలు తింటారు, కొందరు సుద్ద, మట్టి, ఐసుముక్కలు. వైద్యంలో దీన్ని పైకా అంటారు. ఐరన్ మాత్రలు మొదలుపెట్టాక, రక్తం పూర్తిగా పెరగకముందే చాలామందిలో ఆ యావ పోతుంది. మొండితనమైతే మాత్రలకు తగ్గేది కాదు కదా!

ఆ చిరాకు కూడా దీనివల్లే కావచ్చు. ఐరన్ తగ్గితే నీరసం, చదివింది బుర్రకెక్కకపోవడం, చిన్నదానికీ విసుక్కోవడం ఉంటాయి. ఇంట్లోవాళ్లకు అదంతా పొగరులా కనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంతమంది పిల్లలకు మందు ఇవ్వాల్సిన చోట పేరు పెట్టి వదిలేస్తే నాకు బాధగా ఉంటుంది.

పాపను పగటి వెలుతురులో కూర్చోబెట్టి, కింది కనురెప్పను కొద్దిగా కిందికి లాగి చూడండి. లోపలి పొర ఎర్రగా ఉండాలి. తెల్లగా పాలిపోయినా, నాలుక నున్నబడినా, గోళ్లు పలచబడి మధ్యలో గుంట పడినా అనుమానించాల్సిందే. ఇవేవీ కనిపించకపోయినా పరీక్ష మాత్రం మానొద్దు.

ఇక ఆ వీడియో. మన నెల్లూరు ఇళ్లలో మామిడికాయ వేసిన చేపల పులుసు ఒకే గిన్నెలోంచి తిన్న అన్నదమ్ముల్లో ఒకడు అరుస్తాడు, ఒకడు నోరెత్తడు. చిన్నప్పటి నుంచి ఇంట్లో ఏది పెడితే నాలుక దానికే అలవాటు పడుతుంది. కారంలోని క్యాప్సైసిన్ నోట్లో వేడిని పసిగట్టే నరాలనే తాకుతుంది. ఆ నరాల మీద వేడినీ కారాన్నీ పసిగట్టే గ్రాహకాన్ని (రిసెప్టర్) కనిపెట్టినందుకే అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. కారం నచ్చేవాళ్లలో సాహసాల మీద మోజు కాస్త ఎక్కువని కొన్ని విదేశీ పరిశోధనల్లో తేలిన మాట నిజమే. కానీ ఉగ్గు వయసు దాటగానే కారం రుచి చూసే మన ఊళ్లకు దాన్ని అంటగట్టడం కుదరదు.

అయినా అలాంటి మాటలు మనకు సరిగ్గా సరిపోయినట్టు ఎందుకు అనిపిస్తాయంటే, అవి ఎవరికైనా సరిపోతాయి గనక. అమెరికాలో ఫోరర్ అనే మనస్తత్వవేత్త 1948లో తన విద్యార్థులకు ‘ఇది నీ స్వభావం’ అంటూ కాగితాలిచ్చాడు. ఎంత సరిగ్గా ఉందో చెప్పమంటే సగటున 5కి 4.26 మార్కులు వేశారు. అందరికీ ఇచ్చింది ఒకటే రాత.

మీ దగ్గర్లోని పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్ చూస్తారు. ఈ వయసు ఆడపిల్లలకు 12 గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనతే. వీలైతే ఒంట్లో ఐరన్ నిల్వలు తెలిపే ఫెరిటిన్ రక్తపరీక్ష కూడా చేయించండి, హిమోగ్లోబిన్ సరిగ్గా ఉన్నా ఆ నిల్వలు ఖాళీ అయ్యుండొచ్చు. మాత్రలు ఎంత మోతాదులో వాడాలో డాక్టరే చెప్పాలి. మాత్రకు ముందూ వెనకా గంటపాటు టీ, కాఫీ, పాలు వద్దు. నిమ్మరసంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. విరేచనం నల్లగా వస్తే భయపడొద్దు, అది ఐరన్ వల్లే. కాస్త హుషారు రాగానే ఆపేయకండి, రక్తం మామూలుకొచ్చాక కూడా దాదాపు మూడు నెలలు వాడాలి. నులిపురుగుల మందు కూడా అడగండి. చేపలు, మాంసం, ఆకుకూరలు పెట్టండి. కారం మాన్పించనక్కర్లేదు, కడుపులో మంట లేకపోతే చాలు. పచ్చళ్లలో ఉప్పు ఎక్కువ గనక అవి తగ్గించండి.

మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంకోటి. నెలసరి ఏడు రోజులు దాటుతోందా, ప్యాడ్ గంట రెండు గంటలకే మార్చాల్సి వస్తోందా, గడ్డలు పడుతున్నాయా అని పాపను అడగండి. ఆడపడుచు ముందు వద్దు, మీరిద్దరే ఉన్నప్పుడు అడగండి. అవునంటే గైనకాలజిస్టుకు కూడా చూపించాలి. రక్తం అలా పోతూ ఉంటే ఎన్ని మాత్రలు వేసినా ఐరన్ నిలవదు.