జూన్ ఒకటిన పుట్టిన తమ్ముడికి

తమ్ముడికి ఆశీస్సులు.

మొన్న ఫోన్లో "మెడికేర్‌కి ఇంకా చాలా టైముందిలే అన్నయ్యా" అన్నావు. అమెరికాలో 65 నిండినవాళ్ళకి గవర్నమెంటు ఇచ్చే ఇన్సూరెన్స్ కదా అని ఫోన్ పెట్టేశాక లెక్కేసి చూశాను. నువ్వనుకుంటున్నంత లేదు.

బడిలో హెడ్మాస్టరు గారు నీ పుట్టినరోజు జూన్ 1 అని రాసేశారు, గుర్తుందా? వీడు కార్తీకంలో పుట్టాడని అమ్మ ఎంత మొత్తుకున్నా పాస్‌పోర్టు నుంచి సోషల్ సెక్యూరిటీ దాకా అదే ఖాయమైపోయింది. ఒకటో తారీఖున పుట్టినవాళ్ళకి మెడికేర్ వాళ్ళు అంతకు ముందు నెలనే లెక్కలోకి తీసుకుంటారు. అంటే 65 నిండే ఏడు నీ నెల మే. దానికి ముందు మూడు నెలలు, వెనక మూడు నెలలు కలిపి ఫిబ్రవరి 1 నుంచి ఆగస్టు 31 దాకా చేరడానికి నీ గడువు. ఏప్రిల్ లోపు అప్లై చేస్తే మే 1 నుంచే మొదలవుతుంది.

నువ్వింకా ఉద్యోగం మాననంటున్నావు. మీ కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది, అక్కడ 20 మందికి పైనే ఉన్నారు కాబట్టి పార్ట్ బి, అంటే డాక్టరు ఖర్చుల భాగం, తర్వాత తీసుకున్నా పెనాల్టీ ఉండదు. హెచ్‌ఎస్‌ఏలో, అదే వైద్యం కోసం ట్యాక్స్ లేకుండా దాచుకునే ఖాతాలో, డబ్బు వేస్తుంటే మాత్రం ఆస్పత్రి ఖర్చుల భాగమైన పార్ట్ ఎ కూడా ఇప్పుడే తీసుకోకు. మెడికేర్‌కి అప్లై చేయడానికి ఆరు నెలల ముందే అందులో వేయడం ఆపెయ్. పార్ట్ ఎ ని ఆరు నెలలు వెనక్కి జరిపి ఇస్తారు, ఆ నెలల్లో ఖాతాలో వేసిన డబ్బుకి ట్యాక్స్ దగ్గర చిక్కొస్తుంది.

నేను బోల్తాపడింది రిటైరయ్యాక. 2020 డిసెంబరు ఆఖరున ఉద్యోగం మానేసి కోబ్రా, అంటే పాత కంపెనీ ఇన్సూరెన్స్‌నే కొన్నాళ్ళు కొనసాగించుకునే ఏర్పాటు, తీసుకున్నాను. అదే కార్డు, అదే డాక్టరు, కాకపోతే ప్రీమియం మొత్తం నా జేబులోంచి. ఇన్సూరెన్స్ ఉందిగా అని నిశ్చింతగా కూర్చున్నాను. మెడికేర్ లెక్కలో కోబ్రా ఉద్యోగం కిందికి రాదు. ఉద్యోగం ఆగిన దగ్గర్నుంచి ఎనిమిది నెలల్లో పార్ట్ బి తీసుకోవాలి. నా గడువు 2021 ఆగస్టుతోనే అయిపోయింది. 2022 జూన్‌లో కోబ్రా ముగిశాక వెళ్తే జనవరి దాకా ఆగమన్నారు. ఆలస్యమైనవాళ్ళని ఏటా జనవరి 1 నుంచి మార్చి 31 మధ్యనే చేర్చుకుంటారు. ఏడు నెలలు డాక్టరు బిల్లులన్నీ చేతినుంచే. పైగా ఆలస్యమైన ప్రతి నిండు ఏడాదికీ 10 శాతం చొప్పున పెనాల్టీ, అదీ జీవితాంతం. నెలనెలా ఆ బిల్లు చూసినప్పుడల్లా మీ వదిన ఏమీ అనదు, ఒక్కసారి నావైపు చూస్తుంది.

మానేసే రోజు మీ హెచ్‌ఆర్ చేత ఇన్సూరెన్స్ తేదీల ఫారం మీద సంతకం పెట్టించుకునే బయటికి రా. ఆ తర్వాత వాళ్ళు ఫోన్లు ఎత్తరు.

పార్ట్ బి మొదలైన దగ్గర్నుంచి ఆరు నెలలు మెడిగ్యాప్ కంపెనీలు, అంటే మెడికేర్ కట్టకుండా వదిలేసే వాటాకి పాలసీ అమ్మేవాళ్ళు, నీ షుగరు, స్టెంటు చూపించి పాలసీ ఇవ్వమనడానికి వీల్లేదు. ఆ ఆరు నెలలూ దాటితే మీ టెక్సస్‌లో కాదని మొహం మీదే చెప్పొచ్చు. ఏటా అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 దాకా, సరిగ్గా మన పండగల రోజుల్లో, టీవీ నిండా యాడ్లు వస్తాయి. అవి అడ్వాంటేజ్ ప్లాన్లు (మెడికేర్‌ని ప్రైవేటు కంపెనీల ద్వారా తీసుకునేవి), మందుల ప్లాన్లు మార్చుకోవడానికి. మార్పు జనవరి 1 నుంచి వస్తుంది. మెడిగ్యాప్‌కి ఆ తేదీలతో సంబంధం లేదు. అడ్వాంటేజ్‌లో చేరి నచ్చకపోతే జనవరి, మార్చి మధ్య ఒక్కసారి మారొచ్చు. ఏటా ఇండియాలో నాలుగైదు నెలలు ఉంటానంటున్నావు కాబట్టి నన్నడిగితే అడ్వాంటేజ్ జోలికి వెళ్ళకు. ఆరు నెలలు దాటి బయట ఉంటే పేరు తీసేసే ప్లాన్లున్నాయి. అసలు మెడికేర్ కూడా విజయవాడ ఆస్పత్రి బిల్లు కట్టదు, ప్రయాణానికి వేరే పాలసీ తీసుకో.

మీ అత్తగారి సంగతి అడిగావు. గ్రీన్ కార్డు మీద ఇక్కడ ఏకధాటిగా అయిదేళ్ళు ఉంటే ఆవిడా చేరొచ్చు. ఇక్కడ ఉద్యోగం చెయ్యలేదు కాబట్టి పార్ట్ ఎ కి కూడా ప్రీమియం కట్టాలి, అది తక్కువేం కాదు. ఆవిడ ఏ తేదీన దిగారో పాత పాస్‌పోర్టు తీసి చూసి ఆదివారం ఫోన్ చెయ్. కూర్చుని లెక్కేద్దాం.

మీ అన్నయ్య