‘ది హిందూ’ పత్రిక ఎలా మొదలైంది?

కోపంతో మొదలైంది! 1878లో టి. ముత్తుస్వామి అయ్యర్‌ను మద్రాసు హైకోర్టు జడ్జిగా నియమిస్తే, తెల్లవాళ్ల పత్రికలు భారతీయుడికి ఆ పదవేమిటని విరుచుకుపడ్డాయి. వాటికి జవాబు చెప్పాలని జి. సుబ్రమణ్య అయ్యర్, వీరరాఘవాచారియార్, ఇంకో నలుగురు కుర్రాళ్లు పూనుకున్నారు. చేతిలో డబ్బుల్లేవు. రూపాయి పన్నెండణాలు అప్పు చేసి, సెప్టెంబర్ 20న 80 కాపీలు వేయించారు. అంతే, ఎనభై!

అప్పట్లో అది వారపత్రిక. 1889లో దినపత్రికైంది. 1905లో, ఇబ్బందుల్లో ఉన్న పత్రికను కస్తూరి రంగ అయ్యంగార్ కొన్నాక నిలదొక్కుకుంది.

నాకైతే తమాషాగా అనిపించేది మొదటి పేజీ. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి పదేళ్లు దాటేదాకా, అంటే 1958 వరకు, దాని నిండా ప్రకటనలే ఉండేవి. వార్త కావాలంటే పేజీ తిప్పాల్సిందే.